ధనుష్కోడి పాత రైలు మార్గం: పాంబన్ నుంచి సముద్రపు ఒడ్డు దాకా మిగిలిన ఆనవాళ్లు

విభాగం: మూతపడిన రైలు మార్గాలు, స్టేషన్లు

సేతుదారి (నెల్లూరు) రాసినది:

సభ్యులందరికీ నమస్కారం. తమిళనాడులో రామేశ్వరం ద్వీపం కొసన ఉన్న ధనుష్కోడి గురించి తెలుగులో వచ్చే రాతలు దాదాపు అన్నీ 1964 డిసెంబరు 22 రాత్రి తుఫానుతో మొదలై, అలల్లో కొట్టుకుపోయిన రైలు దగ్గర ఆగిపోతాయి. ఆ రైలు ఏ దారిన వచ్చింది, ఏ స్టేషనుకు చేరవలసి ఉంది, అటూ ఇటూ సముద్రమే ఉన్న ఆ ఇసుక మేట మీద అంత పెద్ద స్టేషను ఎందుకు కట్టారు అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు. రామేశ్వరం వెళ్లే మనవాళ్లు వ్యాను మాట్లాడుకుని ధనుష్కోడి చేరతారు, పాడుబడిన చర్చి ముందు ఫొటోలు దిగుతారు, రోడ్డు ముగిసే కొస అయిన అరిచల్ మునై దాకా వెళ్లి వెనక్కి వస్తారు. దారి పక్కన నిలిచిన మొండిగోడలలో స్టేషను ఏది, తపాలా కార్యాలయం ఏది, రైల్వే ఉద్యోగుల ఇళ్లు ఏవి అని అడిగితే ఒక్కొక్క డ్రైవరు ఒక్కొక్క గోడను చూపిస్తాడు.

పాత పట్టాల దారిని నేల మీద గుర్తుపట్టడం సాధ్యమేనా? రామేశ్వరం నుంచి రోడ్డు వెంట వెళుతూ వెతికితే పట్టాల కోసం పోసిన కట్ట ఎక్కడైనా కనిపిస్తుందా? స్టేషనుకు, ఓడలు ఆగిన రేవుకు మధ్య సంబంధం ఏమిటి? రైల్వేలో పనిచేసినవారు, పాత పటాలు చదవగలవారు ఈ గుంపులో ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. తుఫాను కథను మళ్లీ చెప్పుకోవడం కన్నా ఆ మార్గాన్ని ఒక మార్గంగా అర్థం చేసుకోవాలన్నది నా కోరిక.

గుంతకల్లు_మీటరుగేజి రాసినది:

సేతుదారి గారూ, ముందుగా వెతుకులాట మొదలుపెట్టే చోటు మార్చుకోవాలి. పాత లైను రామేశ్వరం మీదుగా ధనుష్కోడికి వెళ్లలేదు. పాంబన్ వంతెన దాటిన రైలు పాంబన్ స్టేషనుకు చేరిన తరువాత దారి రెండుగా చీలేది. ఒకటి ఈశాన్యంగా సుమారు 10 కిలోమీటర్లు పోయి రామేశ్వరంలో ముగిసేది, రెండవది రామేశ్వరం పట్టణాన్ని ఎడమ చేతి వైపు వదిలేసి ఆగ్నేయంగా సుమారు 24 కిలోమీటర్లు సాగి ధనుష్కోడి చేరేది. ఈ రోజు మనకు రామేశ్వరమే చివరి స్టేషను కనుక ధనుష్కోడిని దానికి పొడిగింపుగా ఊహించుకుంటాం. ఆ రోజుల్లో మద్రాసు నుంచి వచ్చే ప్రధానమైన రైలు ధనుష్కోడికే వెళ్లేది, రామేశ్వరం వెళ్లే లైను దానికి ఒక కొమ్మ. పాంబన్ జంక్షనుగా ఉన్నదన్న సంగతి మనసులో పెట్టుకుంటే తప్ప ద్వీపం మీద పాత దారి బోధపడదు.

నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మీటరుగేజి లైన్ల మీద, పట్టాల నిర్వహణ విభాగంలో గడిపాను. ఎత్తేసిన లైనును గుర్తించే పద్ధతి ఎక్కడైనా ఒకటే. రైలు గట్టిగా మలుపు తిరగలేదు, నిటారుగా ఎక్కలేదు. అందువల్ల ఇసుక తిన్నెలు ఎత్తుపల్లాలుగా ఉన్న చోట కూడా కట్ట మాత్రం ఒకే మట్టంలో, దీర్ఘమైన సున్నితపు వంపులతో పోతుంది. తిన్నెల మధ్య సహజంగా ఏర్పడని ఒక సమతలమైన పట్టీ కనబడితే దాని వెంట నడవాలి. ఇసుక నేలలో కంకర పుట్టదు, కనుక నల్లరాతి ముక్కలు కనిపిస్తే వాటిని ఎవరో తెచ్చి పోశారనే అర్థం. అయితే 2017లో ధనుష్కోడి దారిలోని ముకుందరాయర్ చత్రం అనే చోటు నుంచి అరిచల్ మునై దాకా వేసిన రోడ్డుకు కూడా రాయి తోలారు కాబట్టి రోడ్డు అంచున దొరికిన రాయిని రైల్వేదని అనుకోవద్దు. వాడకంతో నునుపెక్కి, ఇంజను నూనె మరకలతో ఉన్న కంకర వేరుగా తెలుస్తుంది, కానీ అరవై ఏళ్ల ఉప్పుగాలి తరువాత ఆ మరకలు మిగలడం కష్టమే.

పట్టాలు మిగిలి ఉంటే కొలత చాలు. మీటరుగేజిలో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజిలో 1,676 మిల్లీమీటర్లు. ఈ ద్వీపానికి బ్రాడ్‌గేజి వచ్చింది 2007లో మాత్రమే, అదీ రామేశ్వరం వరకే. గాలికి తిన్నెలు కదిలినప్పుడు పాత పట్టాల ముక్కలు బయటపడుతుంటాయని అక్కడివారు చెబుతారు. ఒక సంవత్సరం కనిపించినవి మరుసటి సంవత్సరం మళ్లీ ఇసుకలోకి పోతాయి కాబట్టి ఒక్కసారి వెళ్లి చూసి "ఏమీ మిగలలేదు" అని తీర్మానించడం సరికాదు.

స్టేషను దగ్గర అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు నీళ్ల తొట్టి కట్టడం. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంత అవసరమో మంచినీరు అంతే అవసరం, ఉప్పునీరు బాయిలరును తినేస్తుంది. అందుకే చివరి స్టేషనులో తిరుగు ప్రయాణానికి ముందు ఇంజనుకు నీరు పట్టే ఏర్పాటు తప్పనిసరి. ధనుష్కోడి శిథిలాలలో నీళ్ల తొట్టిదని చెప్పే కట్టడాన్ని ముందు గుర్తుపట్టి, అక్కడి నుంచి స్టేషను గోడలు ఏ దిశలో ఉన్నాయో చూస్తే పట్టాలు ఎటు నుంచి వచ్చాయో ఊహించవచ్చు.

రాజమండ్రి_పాఠకురాలు రాసినది:

గుంతకల్లు వారి వివరణ చాలా ఉపయోగపడింది. స్టేషను అక్కడే ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

1914కు ముందు దక్షిణ భారతం నుంచి సింహళానికి (నేటి శ్రీలంకకు) వెళ్లేవారు రైలులో తూత్తుకుడి చేరి, అక్కడ ఓడ ఎక్కి కొలంబోలో దిగేవారు. ఆ సముద్ర ప్రయాణం చాలా దూరం. పాంబన్ (రామేశ్వరం) ద్వీపపు ఆగ్నేయ కొస నుంచి మన్నారు ద్వీపంలోని తలైమన్నారుకు దూరం సుమారు 35 కిలోమీటర్లే. పాంబన్ జలసంధి మీద వంతెన కట్టి రైలును ఆ కొస దాకా తీసుకుపోతే సముద్రం మీద గడపవలసిన సమయం కొద్ది గంటలకు తగ్గుతుందని సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ తలపెట్టింది. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన ప్రారంభమైంది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెన మధ్యలో ఓడలు దాటేందుకు రెండుగా తెరుచుకునే షెర్జర్ పద్ధతి భాగం ఉంది. వంతెన, ధనుష్కోడి లైను, రేవు, అవతల తలైమన్నారు లైను అన్నీ ఒకే పథకంలో భాగాలు. మద్రాసు ఎగ్మూరులో టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు అదే టిక్కెట్టు మీద రైలు, ఓడ, మళ్లీ రైలు ఎక్కి కొలంబో ఫోర్ట్ స్టేషనులో దిగగలిగేవాడు. అందుకే ఆ రైలుకు బోట్ మెయిల్ అనే పేరు స్థిరపడింది.

ఇంతకు మించిన ఆలోచన కూడా ఒకటి ఉండేది. రెండు తీరాల మధ్య ఉన్న రామసేతువు మీదుగానే పట్టాలు వేసి ఓడ అవసరం లేకుండా చేయాలని కంపెనీ ఇంజనీర్లు పరిశీలించారు. అది కాగితం దాటలేదు. ఒకవేళ దాటినా ఇక్కడ మీటరుగేజి, సింహళంలో 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి కాబట్టి ఎక్కడో ఒకచోట రైలు మారక తప్పేది కాదు.

స్టేషనును ఒక్క భవనంగా చూస్తే ధనుష్కోడి అర్థం కాదు. రైలు దిగిన మనిషి దేశం దాటబోతున్నాడు. సుంకం కార్యాలయం, రేవు కార్యాలయం, వైద్య పరీక్ష, తపాలా, సత్రాలు, రైల్వే ఆసుపత్రి, పాఠశాల ఇవన్నీ ఆ ప్రయాణం చుట్టూ పెరిగినవే. ఊరి స్టేషనుతో పాటు ఓడల దగ్గరకు పోయే రేవు స్టేషను వేరుగా ఉండేది. కాబట్టి సేతుదారి గారికి వేరువేరు డ్రైవర్లు వేరువేరు గోడలు చూపడంలో వింత లేదు, అవన్నీ ఏదో ఒక విధంగా రైల్వే అవసరం కోసం కట్టినవే అయి ఉండవచ్చు.

ఈ దారిన వెళ్లినవారిలో అందరూ దొరలూ వ్యాపారులూ కారన్న సంగతి నాకు ముఖ్యం. సింహళపు తేయాకు తోటలకు వెళ్లిన తమిళ కూలీలను వంతెనకు ఇవతల ఉన్న మండపం శిబిరంలో ఆపి, వైద్య పరీక్షలు చేసి, ఇదే లైనులో ధనుష్కోడి పంపేవారు. బోట్ మెయిల్‌ను విలాస ప్రయాణంగా వర్ణించే రాతలలో వారి ఊసు ఉండదు. ఆ ప్లాట్‌ఫారం శిథిలాల మీద నిలబడినవారు మొదట తలుచుకోవలసింది వారినని నా అభిప్రాయం.

తెలుగువారికి ఈ స్టేషనుతో ఉన్న బంధం కాశీ రామేశ్వర యాత్ర. సేతు స్నానం ధనుష్కోడిలోనే చేయాలి, అక్కడి ఇసుకను ప్రయాగ త్రివేణిలో కలపాలి, గంగాజలం తెచ్చి రామేశ్వరుడికి అభిషేకం చేయించాలి. బెజవాడ వైపు నుంచి వచ్చిన యాత్రికులు మద్రాసు సెంట్రల్‌లో బ్రాడ్‌గేజి రైలు దిగి, ఎగ్మూరు వెళ్లి మీటరుగేజి రైలు ఎక్కేవారు.

ఎగ్మూరు_వాసి రాసినది:

తుఫాను కథను మళ్లీ చెప్పుకోవద్దని సేతుదారి గారు కోరారు, ఆ కోరిక సబబైనదే. అయినా ఆ రాత్రి జరిగినదానిలో ఏది రూఢిగా తెలుసు, ఏది ఊహ అన్నది విడదీసి చూడకపోతే లైను చివరి రోజు అస్పష్టంగానే ఉంటుంది, కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను.

డిసెంబరు 17న దక్షిణ అండమాన్ సముద్రంలో ఏర్పడిన అల్పపీడనం బలపడి, 22వ తేదీన సింహళంలోని వవునియా మీదుగా వచ్చి, ఆ అర్ధరాత్రి ధనుష్కోడిని తాకింది. గాలి వేగం గంటకు 280 కిలోమీటర్ల దాకా ఉండవచ్చని, అలలు ఏడు మీటర్ల ఎత్తు లేచాయని అంచనా. 653 నంబరు పాంబన్–ధనుష్కోడి ప్యాసింజరు రాత్రి 11 గంటల 55 నిమిషాలకు పాంబన్‌లో బయలుదేరింది. అందులో 110 మంది ప్రయాణికులు, అయిదుగురు రైల్వే సిబ్బంది ఉన్నారని లెక్క. టిక్కెట్టు లేకుండా ఎక్కినవారిని కలిపితే సంఖ్య ఇంకా ఎక్కువని చెప్పేవారున్నారు. రాకపోకల సౌకర్యాలు తెగిపోవడం వల్ల రైల్వే ప్రధాన కార్యాలయం ప్రకటన వెలువడేసరికి 25వ తేదీ వచ్చింది. తుఫాను మొత్తం మీద మరణించినవారు 1,800కు పైమాటే అని సాధారణంగా చెబుతారు.

సిగ్నలు వెలగక రైలు ధనుష్కోడికి కొద్ది దూరంలో ఆగిందని, డ్రైవరు కాసేపు చూసి, పొడవుగా కూత వేసి ముందుకు కదిలించాడని ప్రతి కథనంలోనూ ఉంటుంది. రైలులో ఉన్నవారెవరూ బతకలేదన్నది కూడా అదే కథనంలో ఉంటుంది. అలాంటప్పుడు డ్రైవరు ఎంతసేపు ఆలోచించాడో, ఏ నమ్మకంతో కదిలించాడో చెప్పగలవారెవరు? ఆ నిర్ణయాన్ని సాహసమని పొగడడం, తొందరపాటని తప్పుపట్టడం రెండూ చనిపోయిన మనిషి పట్ల అన్యాయమే. ఆ రైలు స్టేషనుకు అతి చేరువలో పోయిందన్నంత వరకే మనం ధైర్యంగా రాయగలం.

బందరు_తీరం రాసినది:

ఆ సమయంలో సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు రామేశ్వరంలో ఉన్నారని, ధనుష్కోడి చూసి తిరిగి వచ్చాక తుఫాను వచ్చిందని పెద్దలు చెప్పగా విన్నాము. తెలుగు ఇళ్లలో ధనుష్కోడి పేరు ఎక్కువగా ఈ సంగతితోనే నిలిచింది. అది అలా ఉంచి, నాకు ఒక సందేహం ఉంది. అదే తుఫానులో పాంబన్ వంతెన కూడా దెబ్బతిన్నది కదా, దాన్ని వెంటనే బాగుచేసినవారు ఈ 24 కిలోమీటర్ల లైనును ఎందుకు వదిలేశారు?

గుంతకల్లు_మీటరుగేజి రాసినది:

బందరు వారూ, మంచి ప్రశ్న అడిగారు. వంతెనకు ఉన్న 145 గర్డర్లలో (పట్టాలను మోసే దూలాలలో) 126 కొట్టుకుపోయాయి. మధ్యలో తెరుచుకునే భాగం, స్తంభాలు నిలిచాయి. రైల్వే వారు మొదట ఆరు నెలలు పడుతుందనుకున్నారు, తరువాత మూడు నెలల గడువు పెట్టారు. పనిని అప్పగించిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ సముద్రంలో పడిన గర్డర్లను వెతికించి, పైకి తీయించి, తిరిగి వాడి 46 రోజులలో వంతెనను నడిచేలా చేశారు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో పేర్లతో ఆయనను ఎరిగినవారికి ఆయన పనితనానికి మొదటి పెద్ద పరీక్ష ఇక్కడ జరిగిందని తెలియకపోవచ్చు.

వంతెన విషయంలో పునాది నిలిచింది, పైది పోయింది. ధనుష్కోడి లైను విషయంలో పునాదే పోయింది. ఇసుక మీద వేసిన కట్టకు ఇరువైపులా రాతి రక్షణ లేనప్పుడు అల ఒక్కసారి దాటితే కింది ఇసుక జారిపోయి పట్టాలు గాలిలో వేలాడతాయి, మళ్లీ వేయాలంటే కట్టను మొదటి నుంచి పోయాలి. ఆ ఖర్చు పెట్టి ఎక్కడికి చేరాలి? రేవు లేదు, సుంకం కార్యాలయం లేదు, ఊరు లేదు. మద్రాసు ప్రభుత్వం ధనుష్కోడిని నివాసానికి పనికిరాని స్థలంగా ప్రకటించింది. వంతెన బాగుపడగానే రైలు రామేశ్వరానికి పోయింది, సింహళం ఓడ కూడా రామేశ్వరం నుంచే బయలుదేరడం మొదలుపెట్టి 1980ల దాకా నడిచింది. కొమ్మగా ఉన్న లైను ప్రధాన మార్గమైంది, ప్రధాన మార్గం పటం నుంచి తొలగిపోయింది.

మన నల్లమలలోనూ నంద్యాల, గిద్దలూరు మధ్య పాత మీటరుగేజి దారిని గేజి మార్పిడి సమయంలో వదిలేశారు, దొరబావి వంతెన స్తంభాలు అడవిలో మిగిలాయి. అక్కడ రైలు పక్కనే మరో దారిలో పోతోంది కాబట్టి వదిలేసిన దారి గురించి ఎవరికీ బాధ ఉండదు. ధనుష్కోడిలో దారితో పాటు ఊరు, ఊరితో పాటు దాని వృత్తులు పోయాయి.

యాత్రామార్గం (తిరుపతి) రాసినది:

అందరూ పోయినదాని గురించే రాస్తున్నారు. ఆ లైనును తిరిగి వేయాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 2019 మార్చి 1న ప్రధానమంత్రి రామేశ్వరం–ధనుష్కోడి లైనుకు శంకుస్థాపన చేశారు. సుమారు 17 కిలోమీటర్లు, 208 కోట్ల రూపాయల అంచనా. వృద్ధులైన యాత్రికులకు సేతు స్నానం ఇప్పుడు ఎంత కష్టమో స్వయంగా చూసినవాడిగా ఆ రైలు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. శిథిలాలను కాపాడడానికీ రైలు నడపడానికీ మధ్య వైరం ఉండనక్కరలేదు. పాత స్టేషను పక్కన చిన్న ఆగుడు స్టేషను పెడితే ఆ గోడలను చూసేవారు పెరుగుతారు, చూసేవారు పెరిగితే కాపాడే బాధ్యత కూడా పెరుగుతుంది. రోడ్డు మీద సెలవు రోజుల్లో బారులు తీరే వాహనాల కన్నా రోజుకు రెండు రైళ్లు ఆ నేలకు తక్కువ హాని చేస్తాయి.

కొల్లేటి_కొంగ రాసినది:

యాత్రామార్గం గారి ఆవేదన నాకు అర్థమవుతోంది, కానీ ఆ ముగింపుతో ఏకీభవించలేను. శంకుస్థాపన తరువాత తమిళనాడు ప్రభుత్వం పర్యావరణ కారణాలు చూపి అభ్యంతరం చెప్పడంతో ఆ లైను పని ముందుకు సాగలేదు. 2025 జూన్‌లో అదే ప్రభుత్వం ధనుష్కోడి ప్రాంతంలో సుమారు 525 హెక్టార్లను రాజహంసల అభయారణ్యంగా ప్రకటించింది. ఆ మడుగులు, ఉప్పు తడి నేలలు మధ్య ఆసియా నుంచి వలస వచ్చే పక్షులకు ఆకలి తీర్చే చోట్లు. కొల్లేరు, పులికాట్ ఒడ్డున పెరిగిన మనకు ఒక కట్ట వేస్తే నీటి నడక ఎలా మారుతుందో విడమరిచి చెప్పనక్కరలేదు. రెండు రైళ్లు చేసే హాని తక్కువే కావచ్చు, వాటి కోసం పోసే కట్ట చేసే హాని శాశ్వతం.

ఇంకొక మాట. 1964లో ఆ భూమి ఏమి చేయగలదో చూపించింది. ఉత్తరాన ఉన్న బంగాళాఖాతాన్ని అక్కడి జాలరులు ఆడ సముద్రమని, దక్షిణాన ఉన్న మన్నారు సింధుశాఖను మగ సముద్రమని అంటారు. రెండింటి మధ్య ఆ మేట కొన్నిచోట్ల రోడ్డు వెడల్పుకు కొద్దిగా మాత్రమే ఎక్కువ. అక్కడ మళ్లీ రైలు నడిపితే ప్రతి తుఫాను హెచ్చరికకూ దాన్ని ఆపవలసి వస్తుంది. వృద్ధుల సౌకర్యం కోసం రామేశ్వరం స్టేషను నుంచి విద్యుత్తు బస్సులు నడిపి, ప్రైవేటు వాహనాలను ముకుందరాయర్ చత్రం దగ్గరే ఆపివేయాలని అడిగితే అందులో నేను కూడా సంతకం చేస్తాను.

ఇక్కడ ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. పర్యాటక రాతలలో ధనుష్కోడిని "దెయ్యాల ఊరు" అంటారు. అక్కడ నేటికీ జాలరి కుటుంబాలు తాటాకు గుడిసెలలో బతుకుతున్నాయి, ఇసుకలో కొద్ది అడుగులు తవ్వి మంచినీరు తోడుకుంటున్నాయి, వారి పిల్లలు చదువుకుంటున్నారు. పాత స్టేషను గోడల పక్కన శంఖాలు, గవ్వలు అమ్మే దుకాణాలు వారివే. శిథిలాలకు కంచె వేయాలని ఎవరైనా అడిగేటప్పుడు ఆ దుకాణాలు ఎక్కడికి పోవాలో కూడా అదే అర్జీలో రాయాలి.

యాత్రామార్గం (తిరుపతి) రాసినది:

బస్సుల ఆలోచన ఒప్పుకోదగినదే. రైలు కోరడంలో నా పట్టు యాత్రికుల కోసమే తప్ప రైలు కోసం కాదు. అయితే పాంబన్‌లో 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనను చూశాక, సముద్రం మీద నిలువుగా 72 మీటర్లకు పైగా పొడవున్న భాగాన్ని పైకి లేపగలిగిన ఇంజనీర్లకు ఇసుక మీద లైను వేయడం అసాధ్యమని మాత్రం నమ్మను. కావాలా వద్దా అన్నదే ప్రశ్న, వీలవుతుందా లేదా అన్నది కాదు.

రాజమండ్రి_పాఠకురాలు రాసినది:

మీరు కొత్త వంతెనను ప్రస్తావించారు కాబట్టి గుర్తుచేస్తున్నాను, 2022 డిసెంబరు నుంచి పాత పాంబన్ వంతెన మీద రైళ్లు ఆగిపోయాయి. 1914లో ప్రారంభమైన ఆ వంతెన ఇప్పుడు వాడుకలో లేని మార్గాల జాబితాలో చేరింది. బోట్ మెయిల్ దారిలో భారత భూభాగం మీద మిగిలిన అతి పెద్ద ఆనవాలు అదే. ధనుష్కోడి గోడలను ప్రకృతి పడగొట్టింది, వంతెన విషయంలో నిర్ణయం మనుషులది. కనీసం తెరుచుకునే ఆ మధ్య భాగాన్నైనా ద్వీపం ఒడ్డున నిలిపి ఉంచాలని రైల్వే వారిని గట్టిగా అడగవలసిన సమయం ఇది.

కొలంబో_తెలుగు రాసినది:

ఉద్యోగరీత్యా శ్రీలంకలో ఉంటున్నాను, కాబట్టి అవతలి ఒడ్డు సంగతి రాస్తాను. ధనుష్కోడిని ఒంటరిగా చదివితే సగం వాక్యమే చదివినట్లు. తలైమన్నారు రేవు దగ్గర పాత జెట్టీ అవశేషాలు సముద్రంలోకి చొచ్చుకుని ఉన్నాయి, పక్కనే తెల్లటి దీపస్తంభం ఉంది. మెదవచ్చియ నుంచి తలైమన్నారు వచ్చే లైను 1964 తుఫానును తట్టుకుంది కానీ అంతర్యుద్ధాన్ని తట్టుకోలేకపోయింది. 1990లో రైళ్లు ఆగాయి, పట్టాలు పోయాయి, దారి అడవి పాలైంది. యుద్ధం ముగిశాక భారతదేశం ఇచ్చిన రుణ సహాయంతో భారత ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ దాన్ని తిరిగి వేసింది. 2015 మార్చి 14న తలైమన్నారు రేవు స్టేషను దాకా రైలు మళ్లీ వచ్చింది.

అంటే ఒకే పథకంలో పుట్టిన రెండు చివరి స్టేషన్లలో ఒకటి తిరిగి లేచింది, మరొకటి లేవలేదు. ఇక్కడ కట్ట కింద నేల మిగిలింది, పట్టాలు వేస్తే సరిపోయింది. అయినా ఆ స్టేషనులో దిగినవారికి ముందుకు వెళ్లడానికి ఓడ లేదు కాబట్టి మన్నారు ప్రజలు తప్ప ఎక్కువమంది రారు. ధనుష్కోడికి పట్టాలు వేసినా పరిస్థితి ఇదే అవుతుందని యాత్రామార్గం గారు గమనించాలి, ఆ లైనును నడిపించినది స్టేషను కాదు, ఓడ.

ధనుష్కోడి రేవు స్టేషను ఎలా ఉండేదో ఊహించదలచినవారు తలైమన్నారు జెట్టీని చూస్తే కొంత తెలుస్తుంది. ప్రయాణికుడు సామానుతో ఎక్కువ దూరం నడవకుండా రైలును వీలైనంతగా ఓడ పక్కకు తేవడమే రెండు చోట్లా ఉద్దేశం.

సేతుదారి (నెల్లూరు) రాసినది:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వచ్చే శీతాకాలంలో పాంబన్ నుంచి మొదలుపెట్టి వెళ్లాలని అనుకుంటున్నాను. కొమ్మలైను చీలిన చోటును, ముకుందరాయర్ చత్రం పరిసరాలను, స్టేషను గోడలను విడివిడిగా చూస్తాను. వెళ్లేముందు చదవవలసిన పటాలు, అక్కడ పాటించవలసిన పద్ధతి ఏమైనా ఉంటే చెప్పగలరు.

గుంతకల్లు_మీటరుగేజి రాసినది:

పాంబన్ స్టేషను తూర్పు కొస నుంచి చూడడం మొదలుపెట్టండి, చీలిక అక్కడే. 1964కు ముందు ముద్రించిన సర్వే ఆఫ్ ఇండియా పటాలు గ్రంథాలయాలలో దొరికితే సరే సరి, దొరకకపోతే 1950ల నాటి అమెరికా సైనిక పటాల శ్రేణి 1:2,50,000 స్కేలులో ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తుంది. రామేశ్వరం ద్వీపం ఉన్న పటాన్ని దించుకుని, నేటి ఉపగ్రహ చిత్రం మీద పరచి చూడండి. ఆ స్కేలులో దారి ఏ వైపున పోయిందో తెలుస్తుంది తప్ప స్టేషను గోడ దాకా చూపించదు. 1960లలో అమెరికా నిఘా ఉపగ్రహాలు తీసిన 'కరోనా' చిత్రాలు 1995లో బహిరంగమయ్యాయి, వాటిలో ఈ తీరానివి ఉన్నాయేమో వెతకడం మంచిది. తుఫానుకు ముందు ఒకటి, తరువాత ఒకటి దొరికితే సముద్రం ఎంత నేలను తీసుకుందో దారితో సహా కొలవవచ్చు.

అక్కడ ఫొటో తీసేటప్పుడు మీటరు పొడవున్న కర్ర ఒకటి పక్కన పెట్టి, తేదీ, మీరు చూస్తున్న దిక్కు రాసుకోండి. ఇసుక కదిలే చోట తేదీ లేని ఫొటో పనికిరాదు. పట్టా ముక్క గానీ, స్లీపరు మేకు గానీ కనబడితే ఉన్నచోటనే ఉంచి స్థానం గుర్తించండి, చోటు మారిన మేకు లైను ఎక్కడ పోయిందో చెప్పలేదు. గోడలు పగడపు రాయితో కట్టినవైతే ఎక్కవద్దు, సున్నం వదిలేసి ఉంటుంది. డిసెంబరులో ఈశాన్య రుతుపవనం ముగియని రోజుల్లో కాకుండా జనవరి చివర వెళితే గాలి తగ్గుతుంది, నడవడానికి వీలుగా ఉంటుంది. మీరు తెచ్చే ఫొటోలను ఈ చర్చ కిందనే పెట్టండి. కొలతలు నాకు పంపితే కట్ట వెడల్పును బట్టి అది ప్రధాన లైనా, స్టేషను లోపలి పక్క లైనా అన్నది చెప్పడానికి ప్రయత్నిస్తాను.